నోరు పైకి ఉన్నవి

చెక్క దిమ్మ ఖాళీ కావడం లేదు.

బుధవారం సాయంత్రం నేలమాళిగలో దీపం వెయ్యగానే గున్వర్‌కి తట్టిన మొదటి సంగతి అది. పోయిన వారం ఆ దిమ్మ గుంటల్లోంచే తూటాల ఇత్తడి తొడుగులు తీసి, అడుగున నిప్పు పుట్టించే టోపీలు బిగించి, మందు పోసి, గుండ్లు కూర్చి తుపాకీ క్లబ్బు ప్రాక్టీసుకి పట్టుకుపోయింది. అప్పటికి చివర రెండు వరసలే మిగిలాయని బాగా గుర్తు. ఇప్పుడు మూడో వరస కూడా సగానికి నిండి ఉంది. తొడుగులన్నీ నోళ్ళు పైకి పెట్టుకుని, తిండి కోసం చూసే పక్షిపిల్లల్లా నిలబడి ఉన్నాయి.

"నాకే మతి పోతున్నట్టుంది," అని పైకే అనుకుని, ఎత్తుపీట లాక్కుని కూర్చుంది. యాభై నాలుగేళ్ళ మనిషి, రోజంతా ఫెర్రీ మీద కార్లకి చెయ్యి ఊపి దారి చూపించే ఉద్యోగం. ఒక వరస తప్పు లెక్కపెట్టడం పెద్ద వింతేం కాదు.

ఆ బల్ల, ఆ మర, ఆ దిమ్మ అన్నీ తండ్రి అస్లాక్‌వి. పద్ధతి కూడా ఆయనదే, క్లబ్బువాళ్ళంతా తమ తొడుగులు తెచ్చి చూపించుకునేదీ ఆయనకే. కాల్చిన తొడుగుని మా లోయలో ఎవరూ పారెయ్యరు. కడిగి, అచ్చులో దూర్చి పాత కొలతకి తెచ్చి, మళ్ళీ నింపుతారు. అలా నింపగా నింపగా, కాల్చగా కాల్చగా, అడుగుకి కాస్త పైన లోపలి గోడ పలచబడి సన్నటి గాడి పడుతుంది. కంటికి కనపడదు. కొన వంచిన తీగని లోపలికి పోనిచ్చి గోడ వెంట పైకి లాగితే ఆ గాడిలో తట్టుకుంటుంది. తట్టుకుందంటే ఆ తొడుగు పని అయిపోయినట్టే. ఇంకోసారి కాలిస్తే రెండు ముక్కలై, నిప్పుగాలి వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికి తన్నవచ్చు. అందుకని అస్లాక్ దాని నోరు పట్టకారుతో పిసికి తుక్కు డబ్బాలో వేసేవాడు. పొరపాటున కూడా ఇంకో మనిషి దాన్ని నింపకూడదు. చూడాల్సినవి దిమ్మలో తలకిందులుగా ఉంటాయి, చూసి బాగున్నాయన్నవి నోరు పైకి. నోరు పైకి ఉన్నదాన్ని మళ్ళీ తీగ పెట్టి చూడటమంటే అస్లాక్ మొహం మీద ఉమ్మినట్టే లెక్క. ఆయన నిప్పులాంటి మనిషని లోయంతా చెప్పుకుంటారు. ఆ మాట వింటే గున్వర్‌కి ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

అందుకే ఆవిడ చూడలేదు. మూడో వరసలోంచి తీసి మందు పోసుకుంది.

పైకి వెళ్ళేసరికి అస్లాక్ కిటికీ పక్క కుర్చీలో, రొట్టె మీద గోధుమరంగు జున్ను పలకలు పేర్చుకుంటున్నాడు. ఎనభై దాటిన మనిషి. రెండేళ్ళ కిందట చలికాలంలో మంచు మీద జారి తుంటి విరిగాక సగం అయ్యాడు.

"నాన్నా, కింద దిమ్మ గానీ ముట్టుకున్నావా?"

"ఆ మెట్లు నేనెలా దిగుతానే పిల్లా? దిగానంటే మళ్ళీ పైకి వచ్చేది పెట్టెలో పడుకునే."

"పొద్దున్నే ఆ మాటలేంటి?"

"సాయంత్రమేగా ఇది," అన్నాడాయన, గెలిచినవాడిలా నవ్వుతూ.

మెట్లు నిజంగానే నిచ్చెనలా ఉంటాయి. గున్వరే గోడ పట్టుకుని దిగుతుంది. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో చేయి బాగా కుదిరింది. గుండ్లన్నీ నల్ల చుక్క మధ్యలోనే పడ్డాయి. పడుకుని కాల్చే చాప మీంచి లేచి తన తొడుగులు ఏరుకుంటుంటే క్లబ్బు పెద్ద యోరున్ కాఫీ ఫ్లాస్కుతో వచ్చి పక్కన నిలబడింది. యోరున్ ఊరికే వచ్చి నిలబడే రకం కాదు.

"ఆదివారం పోటీ అయ్యాక మీటింగు. సిగ్వెని మళ్ళీ చేర్చుకునే సంగతి తేల్చెయ్యాలి గున్వర్. కొత్తగా చేరినవాళ్ళకి తుపాకీ పట్టుకోవడం నేర్పేవాడు లేక చస్తున్నాం."

"తుక్కు డబ్బాలోంచి పిసికినదాన్ని తీసి, తెరిచి నింపుకున్నవాడా నేర్పేది?"

"రెండేళ్ళయిందే. కన్ను పోగొట్టుకున్నాడు. తప్పు ఒప్పుకున్నాడు. ఇంకేం చెయ్యాలి, మోకాళ్ళ మీద నడిచి రావాలా?"

"వాడు ఒప్పుకోకపోతే మా నాన్న పేరు ఏమయ్యేది? వాడి తుపాకీలో తొడుగు పేలగానే అందరూ ఎవరి వైపు చూశారు? నువ్వు ఎవరి వైపు చూశావు యోరున్?"

యోరున్ ఫ్లాస్కు మూత తిప్పి కప్పులో కాఫీ పోసింది. కమిటీలో గున్వర్ కాదంటే కానట్టే. అస్లాక్ కూతురు క్షమించని మనిషిని మిగతావాళ్ళు క్షమించడం బాగుండదని మా వాళ్ళ మర్యాద. రెండేళ్ళుగా ఆ మర్యాదని కర్రలా వాడుకుంటోంది గున్వర్, చెప్పుకోవాలంటే అదీ సంగతి.

సిగ్వె అక్కడే ఉన్నాడు. గొర్రెలు కాసుకునే మనిషి, నలభై అయిదు దాటి ఉంటాయి. క్లబ్బులోకి రాడు గానీ గురిబల్లల ముందు గడ్డి మాత్రం ప్రతి వేసవీ తనే కోస్తాడు. కుడికన్ను పాలు కలిపిన నీళ్ళలా ఉంటుంది. ఎడమ కంటితో కుడివైపు చూడాలంటే తలంతా తిప్పాలి. అలా తిప్పి గున్వర్ చేతిలో తొడుగుల్ని చూశాడు.

"మీ నేలమాళిగలోవేనా ఇవి?"

"అయితే?"

"కొట్లో కొత్తవి వచ్చాయి. కొనుక్కో."

"ఈ సలహాకి ఫీజెంత?"

"ఒక కన్ను ఇచ్చి నేర్చుకున్నా. నీకు ఊరికే ఇస్తున్నా."

"నీ సలహా, నీ కన్ను, నీ దగ్గరే ఉంచుకో," అంది గున్వర్. అనేశాక కన్ను మాట అనకుండా ఉండాల్సింది అనుకుంది. వాడు తల ఇంకోవైపు తిప్పుకుని కొడవలి భుజాన వేసుకున్నాడు.

కారు దగ్గర తొడుగులు పెట్టెలో వేస్తుంటే ఒకటి వేసవి సాయంత్రపు ఎండకి తళుక్కుమంది. అడుగుకి కాస్త పైన, చుట్టూతా, వెంట్రుక మందాన మెరుపు. గోటితో రుద్దింది. పోలేదు. అలాంటి మెరుపు లోపలి గాడికి గుర్తని చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా నాన్న దిమ్మలోది కదా, గీత పడి ఉంటుంది అనుకుని జేబులో వేసుకుంది.

గురువారం మధ్యాహ్నం ఫెర్రీ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి సన్నగా జల్లు పడి వెలిసింది. వాకిట్లో కారు ఆపి తలుపు తీసిందో లేదో ఒక శబ్దం వినిపించింది. ఊళ. గుడ్లగూబ దూరంగా కూసినట్టు, చిన్నగా, తియ్యగా. ఇంట్లోంచే వచ్చింది, కిందినుంచో పైనుంచో తేలలేదు. మళ్ళీ ఇంకొకటి, కాస్త హెచ్చు స్వరంలో.

గున్వర్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ ఊళ ఆవిడకి తెలుసు. కడిగిన తొడుగు నోటి మీద పెదవి ఆనించి ఊదితే వస్తుంది. అస్లాక్ ప్రతి తొడుగునీ ఆఖర్న అలా ఊది విని, అప్పుడు దిమ్మలో నిలబెట్టేవాడు. చిన్నప్పుడు ఆ ఊళలు వింటూనే నిద్రపోయేది. రెండేళ్ళుగా ఇంట్లో ఆ చప్పుడు లేదు.

లోపలికి పరుగెత్తి మెట్లు దిగింది. దీపం వేస్తే ఎవరూ లేరు. తుడిచిన నూనె వాసన, పక్కన బంగాళాదుంపల తొట్టి మట్టి వాసన. కింది గుమ్మం తలుపు వారగా వేసి ఉంది. మా నార్వే పడమటి తీరంలో ఇళ్ళు వాలు మీదే కడతారు. ముందు గుమ్మం రోడ్డు మీదికి ఉంటే, నేలమాళిగ గుమ్మం దిగువన గడ్డినేల మీదికి తెరుచుకుంటుంది. దానికి తాళం వేసే అలవాటు ఎవరికీ లేదు. గాలికి తొడుగుల నోళ్ళే పలికి ఉంటాయనుకుంది. తలుపు పూర్తిగా తెరిచి కాసేపు నిలబడింది. గాలి వచ్చింది. దిమ్మ పలకలేదు.

అప్పుడు చూసింది, దిమ్మలో మూడో వరస నిండింది.

తుక్కు డబ్బా మూత తీసింది. నోళ్ళు పిసికిన తొడుగులు అంచుదాకా ఉండే డబ్బా అది. బెత్తెడు దిగిపోయింది. సిమెంటు నేల మీద గుమ్మం నుంచి బల్లదాకా తడి మరకలు. బూటు గుర్తులు కావు, అడుగున గీతల్లేని నున్నటి మరకలు. బల్ల ముందు రెండు మరకలు పక్కపక్కనే, నిలబడి పనిచేసినట్టు. ఆవిడ చూస్తుండగానే అంచులనుంచి ఆరిపోతున్నాయి.

మొదట భయమేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. కోపం రావడం మంచిదే అయింది, భయం కన్నా దానితో కాపురం తేలిక.

"సిగ్వె," అంది పళ్ళు బిగించి.

పైన అస్లాక్ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంటి చెప్పులు నేల మీద ఉన్నాయి. ఒక చెప్పు అంచున పచ్చటి గడ్డిపరక అంటుకుని ఉంది. వరండాలోకి వెళ్ళొచ్చాడు కాబోలు అనుకుని గున్వర్ దాన్ని తీసి పారేసింది.

"ఎవరైనా వచ్చారా నాన్నా?"

"ఎవరొస్తారు? ఫ్లాస్కులో కాఫీ ఉంటే వచ్చేవాళ్ళు."

"కింద దొంగ పడ్డాడు. తుక్కు తీసుకుపోతున్నాడు."

"తుక్కు దొంగా!" ముసలాయనకి భలే నవ్వొచ్చింది. "వెండి చెంచాలు వదిలేసి తుక్కా? వాడికో కప్పు కాఫీ పొయ్యాలే పాపం."

"నవ్వకు. సిగ్వె వాడు. అలవాటు పోలేదు వాడికి. మళ్ళీ నీ దిమ్మలో కలిపి, నీ పేరు పోగొట్టాలని చూస్తున్నాడు."

నవ్వు ఆగిపోయింది. అస్లాక్ కిటికీలోంచి సముద్రపు పాయ వైపు చూశాడు.

"సిగ్వె మంచి పిల్లాడు," అన్నాడు. "వాడి కంటికి ఏమైందే?"

ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగాడో. అడిగినప్పుడల్లా గున్వర్ చెబుతుంది, చెప్పినప్పుడల్లా ఆయన "అయ్యో" అంటాడు. వయసు మీద పడ్డవాళ్ళు పేర్లూ సంగతులూ మర్చిపోరా ఏంటి అని సరిపెట్టుకుంటూ వస్తోంది.

శుక్రవారం డ్యూటీ ఇంకొకరితో మార్చుకుంది. ఆ సంగతి తండ్రికి చెప్పలేదు. రోజూలాగే ఫ్లాస్కు నింపి, రొట్టె కోసి పెట్టి, "వెళ్ళొస్తా" అని కారు తీసుకుని, దిగువన పడవల కొట్టాల వెనక ఆపి, గడ్డిలోంచి నడిచి వెనక్కి వచ్చింది. నేలమాళిగ గుమ్మంలోంచి దూరి, బంగాళాదుంపల తొట్టి వెనక బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఫోనులో కెమెరా తెరిచి పెట్టుకుంది. సిగ్వె చెయ్యి డబ్బాలో ఉండగా ఫోటో తీసి ఆదివారం అందరి ముందూ పెట్టాలి. వాడి పేరు ఇక ఎవరూ ఎత్తకూడదు. ఆ ఊహకి మనసులో ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

చీకటి. తలుపు సందులోంచి చాకు అంచంత వెలుగు. పైన కుర్చీ కిర్రుమంది. తర్వాత ముందు గుమ్మం చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇంటి పక్క గోడని ఎవరో అరచేత్తో రాస్తూ వస్తున్న చప్పుడు మాత్రం మెల్లిగా, ఆగి ఆగి, కిందికి దిగుతూ వినిపించింది.

తలుపు తెరుచుకుంది. వెలుగులో నిలబడ్డది అస్లాక్.

పైజమా మీద పాత క్లబ్బు కోటు, కాళ్ళకి ఇంటి చెప్పులు, తడిసి నల్లబడి. మెట్లు దిగలేదు ఆయన. ఇంటి చుట్టూ తిరిగి వాలు వెంట వచ్చాడు. గున్వర్ లేవబోయి లేవలేకపోయింది. ఎందుకంటే ఆ నడక, పైన కుర్చీలో కూర్చునే మనిషిది కాదు. బల్ల ముందుకి చేరగానే వంగిన వీపు నిలబడింది. దీపం వెయ్యలేదు. చెయ్యి దానంతటది డబ్బా మూత మీదికి వెళ్ళింది.

నోరు పిసికిన తొడుగు ఒకటి తీశాడు. చూపుడు వేలితో ఆ చప్పిడి నోటిని తడిమాడు. దెబ్బ తగిలిన పిల్లాడి పెదవిని తడిమినట్టు తడిమాడు.

"ఎవడో నోళ్ళు పిసికేశాడు," అన్నాడు చీకట్లోకి. "పాపం. ఎంత మంచివో ఇవి."

కోసుగా ఉన్న ఉక్కుకడ్డీని సందులోకి దూర్చి, చిన్న సుత్తితో తట్టాడు. తట్టి, తిప్పి, మళ్ళీ తట్టాడు. తొందర లేదు. నోరు కొద్దికొద్దిగా తెరుచుకుంది. మెడకి మైనం రాసి మరలో పెట్టి పిడి కిందికి నొక్కాడు. అచ్చులోంచి బయటికొచ్చేసరికి గుండ్రంగా, కొత్తదానిలా ఉంది. గుడ్డతో తుడిచాడు. తీగ కొక్కేనికి వేలాడుతూనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పెదవికి ఆనించి ఊదాడు. సన్నటి ఊళ నేలమాళిగంతా తిరిగింది. తల ఊపి, దిమ్మలో, నోరు పైకి, నిలబెట్టాడు.

గున్వర్ చేతిలో ఫోను వెలుగు దానంతటదే ఆరిపోయింది. ఆయన ఇంకొకటి తీశాడు. ఇంకొకటి. నలభై ఏళ్ళు తన చేత్తో కాదన్నవాటినన్నిటినీ ఒక్కొక్కటే మన్నించి బతికిస్తున్నాడు.

"నాన్నా," అంది చివరికి.

ఆయన ఉలిక్కిపడలేదు. ఆ మూలకి తిరిగి, కళ్ళు చికిలించి, కొత్తగా వచ్చినవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అన్నాడు.

"ఎవరమ్మా? తొడుగులు చూపించడానికి తెచ్చారా? తలకిందులుగా పెట్టి వెళ్ళండి. రేపు చూస్తాను."

తన తండ్రి తనని 'అండి' అనడం ఎలా ఉంటుందో గున్వర్‌కి అంతకుముందు తెలియదు. లేచి వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది. గడ్డిలోంచి ఇద్దరూ మెల్లిగా వాలు ఎక్కారు. వరండా దగ్గరికొచ్చేసరికి ఆయనే "డ్యూటీకి వెళ్ళలేదేమే పిల్లా?" అన్నాడు. చెప్పులు విప్పించి, కాళ్ళు తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టి కిందికి వచ్చింది.

దీపం వేసింది. కొక్కేనికి ఉన్న తీగ తీసుకుంది. జీవితంలో మొదటిసారి, నోరు పైకి ఉన్నదాన్ని ఎత్తి లోపల తీగ పెట్టింది. లాగింది. తట్టుకుంది. ఇంకొకటి. తట్టుకుంది. భూతద్దం పెట్టి చూస్తే మెడ మీద రెండు సన్నటి మడతలు ఉన్నాయి, అచ్చు ఎంత నొక్కినా పోని మడతలు. జేబులో ఉన్నదాన్ని, బుధవారం కాల్చినదాన్ని, తీసి బల్ల అంచుకి కొట్టింది. మెరుపు ఉన్న చోట చటుక్కున రెండు ముక్కలైంది. బుధవారం తన కుడి కన్ను దానికి జానెడు దూరంలో ఉంది.

ఆ భయం కన్నా ఇంకొకటి పెద్దదిగా వచ్చి కూర్చుంది. రెండేళ్ళ కిందట సిగ్వె తుపాకీలో పేలిన తొడుగు నోరు ఎవరు తెరిచారో తెలిసిపోయింది.

శనివారం పొద్దున సిగ్వె కొట్టంలో గొర్రెల గిట్టలు కత్తిరిస్తున్నాడు. గున్వర్ తను నింపిన తూటాలన్నీ, దిమ్మతో సహా, గడ్డిమోపు మీద పెట్టింది. వాడు తల తిప్పి ఒక్క కంటితో చూసి, గొర్రెని వదిలేశాడు.

"ఇంకా దిగుతున్నాడా?"

"మెట్లు దిగడం లేదు. ఇంటి చుట్టూ వస్తున్నాడు."

"తుంటి విరిగాక మానేశాడనుకున్నా. అయినా భయం పోక కొనుక్కోమన్నా."

"నీకు తెలుసు."

వాడు గిట్టల కత్తెరని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఆ రోజు పొద్దున దిమ్మలోంచి తీసుకుంటుంటే మెడ మీద మడత కనిపించింది. బాగానే కనిపించింది. తీగ పక్కనే ఉంది."

"మరి?"

"అస్లాక్ దిమ్మలో నోరు పైకి ఉంది గున్వర్. మళ్ళీ చూడటం ఎలా? ఆయనేమో ఎదురుగా కూర్చుని నా వంకే చూస్తున్నాడు. సిగ్గేసింది. మందు పోసుకున్నా."

గొర్రె ఒకటి వచ్చి గున్వర్ చేతిని వాసన చూసి వెళ్ళింది.

"పేలాక తన చొక్కా చేత్తో నా కన్ను తుడుస్తూ, 'పిసికినదాన్ని ఎవడు తెరిచాడురా, ఎవడు తెరిచాడు' అని ఏడుస్తున్నాడు. నిజంగా తెలియదు ఆయనకి. ఏం చెప్పను? నేనే అన్నా. మడత చూసి కూడా నింపింది నేనేగా. పూర్తి అబద్ధం కాదు."

"నాతోనైనా చెప్పొచ్చుగా!"

"రెండుసార్లు వచ్చా. తలుపు నా మొహాన వేశావ్. రెండోసారి వేలు నలిగింది కూడా," అని చూపుడు వేలు చూపించాడు. నవ్వించాలనే అన్నాడు. గున్వర్‌కి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఎవరి కోసం ఏడుస్తోందో కూడా సరిగ్గా తెలియలేదు.

"రేపు అందరికీ చెప్పేస్తా," అంది ముక్కు తుడుచుకుని.

"ఏమని? ముసలాయన పిచ్చివాడై నా కన్ను తీశాడనా? రేపు ఆయన ముందు వరసలో కూర్చుంటాడు. అన్నీ మర్చిపోతాడు గానీ ఆ ఒక్క మాట మర్చిపోకపోతే? ఆయన ఉన్నన్నాళ్ళు వద్దు. నాకు గొర్రెలున్నాయి. గడ్డి ఉంది. బాగానే ఉన్నా."

బాగా లేడని కొట్టం చూస్తేనే తెలుస్తోంది. గోడ మీద తుపాకీ పెట్టుకునే కొయ్యలు రెండూ ఖాళీగా ఉన్నాయి.

ఇంటికొచ్చి గున్వర్ సాయంత్రందాకా తుక్కు డబ్బాని దాగలి మీద ఒలకబోసి ఒక్కొక్క తొడుగునీ సుత్తితో రేకులా చదును చేసింది. కింది గుమ్మానికి కొత్త తాళం కప్ప వేసింది. పైనుంచి అస్లాక్ "ఏంటే ఆ మోత?" అని అరుస్తూనే ఉన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందంటారు. చించుకోకపోతే పక్కవాడి కాళ్ళ మీద పడుతుందని ఎవరూ చెప్పరు.

ఆదివారం ఎండ కాసింది. గున్వర్ పోటీలో కాల్చలేదు. చెయ్యి నొప్పి అంది. క్లబ్బు గదిలో కాఫీ, వేడి వాఫుల్ అట్లు, పుల్లటి మీగడ. అస్లాక్‌కి క్లబ్బు కోటు ఉతికి తొడిగింది. ముందు వరసలో, మోకాళ్ళ మీద కంబళితో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చెయ్యి ఇస్తున్నాడు. సిగ్వె తలుపు దగ్గర, బయటికీ లోపలికీ మధ్య నిలబడి ఉన్నాడు. రమ్మని యోరునే పిలిచింది.

"సిగ్వె విషయం," అంది యోరున్, అందరినీ చూసి, ఆఖర్న గున్వర్‌ని చూసి. "నీ మాట చెప్పు. తర్వాత చేతులెత్తుదాం."

గున్వర్ లేచింది. ఆ క్షణందాకా ఏం చెబుతుందో తనకే తెలియదు. తండ్రి తల వెనక భాగం కనిపిస్తోంది. పొద్దున తనే దువ్విన తెల్లజుట్టు.

"ఆ తొడుగు సిగ్వె తెరవలేదు," అంది. "నేను తెరిచాను."

వాఫుల్ మూకుడు సుయ్‌మంది.

"నాన్న పిసికి పారేసినదాన్ని నేను తెరిచి దిమ్మలో పెట్టాను. నా మీద మాట రాకుండా వాడు తన మీద వేసుకున్నాడు."

"గున్వర్..." అని సిగ్వె ఒక అడుగు ముందుకి వేశాడు.

"నువ్వాగు. రెండేళ్ళ కిందట నువ్వు మాట్లాడావ్. ఇప్పుడు నా వంతు."

యోరున్ మొహం ఎర్రబడింది. "మరి ఇన్నాళ్ళూ వాణ్ణి దుమ్మెత్తిపోసింది? బుధవారం కూడా నా ఎదుటే..."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ తన భుజాలు తడుముకుంటాడు. నేను పక్కవాడి భుజాలు చూపించాను. అంతే."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. మా వాళ్ళు తిట్టరు. కళ్ళు కాఫీ కప్పుల్లోకి దించుకుంటారు, అది తిట్టుకన్నా ఎక్కువ రోజులుంటుంది.

అప్పుడు ముందు వరసలో కర్ర చప్పుడైంది. అస్లాక్ లేచి నిలబడ్డాడు. కంబళి జారి కింద పడింది. వెనక్కి తిరిగినప్పుడు ఆ కళ్ళలో మరుపు లేదు. లోయంతా భయపడిన పాత అస్లాక్ కళ్ళు అవి.

"పిసికిన నోరు తెరిచావా?"

"తెరిచాను నాన్నా."

"ఎందుకు?"

గున్వర్‌కి ఒక్కటే జవాబు దొరికింది. "పాపం, మంచివే అనిపించింది."

ఒక్క క్షణం ఆయన పెదవి కదిలింది, ఏదో విన్న మాట వెతుక్కుంటున్నట్టు. దొరకలేదు.

"మనిషి కన్ను పోయింది," అన్నాడు. "పిసికినదాన్ని తెరిచే చేతికి తాళం ఇవ్వకూడదు. కూతురైనా సరే. బల్ల మీద పెట్టు."

క్లబ్బులో తూటాలు నింపే గది తాళంచెవి గున్వర్ మెడలో ఉంటుంది. తీసి, కాఫీ కప్పుల మధ్య బల్ల మీద పెట్టింది. యోరున్ దాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చి, తర్వాత సిగ్వె వైపు జరిపింది. చేతులు లేచాయి. అన్నీ లేచాయి, అస్లాక్‌ది అన్నిటికన్నా ముందు. సిగ్వె మాత్రం తలంతా తిప్పి గున్వర్‌నే చూస్తున్నాడు. పాలు కలిపినట్టున్న కంట్లోంచి కూడా నీళ్ళొస్తాయని ఆవిడకి అప్పుడు తెలిసింది.

బయటికి వస్తుంటే ఎవరూ దారి అడ్డం నిలబడలేదు, ఎవరూ పలకరించలేదు. తండ్రికి సీటు బెల్టు తనే పెట్టింది. ఆయన తన మొహం వైపు చూడలేదు.

నీళ్ళ పక్క రోడ్డు మీద కొంతదూరం వెళ్ళాక, "సిగ్వె కంటికి ఏమైందే?" అన్నాడు.

"పొగ తగిలింది నాన్నా."

"అయ్యో."

మలుపు తిరుగుతుంటే, పక్క సీట్లోంచి, చిన్నగా ఊళ వినిపించింది.

గున్వర్ కారు పక్కకి తీసి ఆపేసింది. డబ్బాలో ఒక్కటి కూడా మిగల్చలేదు తను. కోటు ఉతికే ముందు జేబులన్నీ తడిమింది. అస్లాక్ ఒళ్ళో, రెండు చేతుల మధ్య, ఒక ఇత్తడి తొడుగు ఉంది. పిసికిన నోరు సగం తెరుచుకుని ఉంది. మొండి పెన్సిలు ముక్కని అందులో దూర్చి తిప్పుతున్నాడు, ఓపిగ్గా, ప్రేమగా.

"చూడవే," అన్నాడు. "ఎవడో నోరు పిసికేశాడు. పాపం, ఇంకా ఎంత బాగా పలుకుతోందో."

"ఇలా ఇవ్వు నాన్నా," అని గున్వర్ చెయ్యి చాపింది.

అస్లాక్ ఆ చేతి వంక చూశాడు, తర్వాత కూతురి మొహం వంక. తొడుగుని గుప్పిట్లో దాచుకుని ఛాతీకి ఆనించుకున్నాడు.

"నీకివ్వను," అన్నాడు. "నువ్వు తెరిచేస్తావ్."